రెండో గీత

మా చెల్లెలు మైకులో తడబడిన రోజున బస్టాండంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్ళ మీద నాకింకా కోపం పోలేదు. పోతుందన్న ఆశ కూడా లేదు.

పదకొండేళ్ళుగా ఆ బస్టాండులో వినపడే గొంతు దానిదే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో, ఎవరి సంచీ ఎక్కడ దొరికిందో, అన్నీ అదే చెప్పేది. డ్రైవర్లూ కండక్టర్లూ దాన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ అది "మైకు". ఇంట్లో దానికి ఆ మైకు కూడా అక్కర్లేదని దాని మొగుడు, మా మరిది, అంటూండేవాడు. వంటింట్లోంచి అది ఒక మాటంటే వీధి చివరి ఇస్త్రీ బండివాడు ఊకొట్టేవాడట.

ఆ రోజు పదిన్నర బస్సు గురించి చెప్పబోయింది. నంబరు సరిగ్గానే చెప్పింది. ఊరి పేరు రావలసిన చోట నోరు తిరగని మాటేదో వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నంబరు కూడా పోయింది. ఆ తర్వాత స్పీకర్లలోంచి వచ్చింది మాట కాదు, ముద్ద. జనం నవ్వారు. పొద్దున్నే మందు కొట్టి వచ్చిందేమో అన్నాడట ఒకడు. టికెట్లిచ్చే ఆవిడ అనుమానమొచ్చి గాజుగది తలుపు తీసేసరికి అది కుర్చీలోంచి కుడివైపుకి ఒరిగిపోయి ఉంది. కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడంచేత్తో మైకు పట్టుకుని ఇంకా చెప్పాలని చూస్తోందట.

దానికి ముప్ఫై ఒక్కేళ్ళు. బీపీ లేదు, షుగరు లేదు. అలాంటి మనిషికి పక్షవాతమన్నారు.

దాన్ని నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. నేను లాబ్‌లో టెక్నీషియన్ని, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. రక్తం, మూత్రం, కఫం, మనుషుల్లోంచి బయటికొచ్చేవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. కబురు తెలిసి నేను పరుగున వెళ్ళేసరికి స్కానింగు అయిపోయింది. తలలో ఎడమవైపు రక్తనాళం చిట్లిందని నరాల డాక్టరు మా మరిదికి చెబుతున్నాడు. కుర్రడాక్టరు, చేతిలో అట్ట, అట్టకి తగిలించిన ఫారం. ఈ వయసులో ఎందుకొచ్చిందో వెతకాలి అంటూ ఫారంలోని ప్రశ్నలు వరసపెట్టి చదివాడు. తలకి దెబ్బ తగిలిందా? పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతోందా? ఇప్పుడేమైనా కడుపుతో ఉందా?

"లేదు సార్," అన్నాడు మా మరిది. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "మూడు వారాల కిందట మా వదినగారే పరీక్ష చేశారు. ఇదిగోండి."

డాక్టరు కాగితం చూశాడు. నా వైపు చూశాడు. నేను తలాడించాను. ఫారంలో "కాదు" అన్న చోట టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

ఆ తలాడింపు గురించి తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అంతకు అయిదు నెలల ముందు దానికి మూడో నెలలో కడుపు పోయింది. ఇంటి దగ్గరి నర్సింగ్‌హోమ్‌లో లోపలంతా శుభ్రం చేసి మధ్యాహ్నానికల్లా పంపేశారు. "ఇలాంటివి మామూలేనమ్మా, ఆర్నెల్లు ఆగి మళ్ళీ చూసుకోండి" అని ఒక సలహా పారేశారు. తీసిన ముక్కని పరీక్షకి పంపించలేదు. పంపించారా అని నేనూ అడగలేదు. ఊళ్ళో వాళ్ళందరి ముక్కలూ పరీక్షించే చోట పనిచేస్తూ, సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి నా నోరు పడిపోయింది. ఆ ముక్క ఏ బకెట్లోకి పోయిందో గానీ, దానిలో ఉన్న జబ్బు మాత్రం బకెట్లోకి పోలేదు.

ఇక ఆ కాగితం సంగతి. పక్షవాతానికి మూడు వారాల ముందు, మధ్యాహ్నం, నేను టిఫిను డబ్బా మూత తీస్తుండగా వచ్చింది అది. చేతిసంచీలో చిన్న సీసా.

"అక్కా, మళ్ళీ కడుపేమో చూడవే. పొద్దున్నే వాంతులవుతున్నాయి."

"నెల తప్పావా?"

"తప్పడానికి ముందు సరిగ్గా రావాలి కదా. కడుపు పోయినప్పట్నించీ ఉండుండి రక్తం కనబడుతూనే ఉంది. ఆగనే లేదు."

ఆగనే లేదు అన్న మాట విన్నాను. చెవుల్తో విన్నాను, అంతే. ఆకలేస్తోంది. సీసాలో పట్టీ ముంచాను. మూడు నిమిషాలు చూడాల్సిన చోట మూడు నిమిషాలూ చూశాను, అక్కడ తప్పు చెయ్యలేదు. ఒకటే గీత వచ్చింది. రెండో గీత రాలేదు. అంటే కడుపు లేదు.

"ఏం లేదే. రక్తం తక్కువై ఉంటుంది. ఐరన్ మాత్రలు వేసుకో."

"సరిగ్గా చూడవే."

"పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. నువ్వెళ్ళి నీ బస్సులు చూసుకో."

అది నవ్వింది. మా లాబ్‌లో టెక్నీషియన్ కన్నతల్లి సాంపుల్ అయినా రిజిస్టరు ఎక్కాల్సిందే. నంబరు వేశాను, "లేదు" అని రాశాను, సంతకం పెట్టి ముద్ర కొట్టి ఇచ్చాను. అది తీసుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. వాడు దేవుడి పటంలా జేబులో దాచుకున్నాడు.

ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజున అది దగ్గింది. గుడ్డ మీద రక్తం పడింది. ఎక్స్‌రే తీశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలు, పెద్దవీ చిన్నవీ. క్షయ కావచ్చు, కఫం పంపండి అన్నాడు కుర్రడాక్టరు. ఆ కఫం నా బల్ల మీదికే వచ్చింది. ఒకటికి రెండుసార్లు రంగు వేసి చూశాను. క్షయ పురుగు ఒక్కటి కూడా లేదు.

మైక్రోస్కోపు ముందు అలా కూర్చునే ఉన్నాను. కడుపు పోయాక ఆగని రక్తం, వాంతులు, ఊపిరితిత్తుల్లో మచ్చలు, తలలో నెత్తురు. ఈ నాలుగూ నాకు విడివిడిగా తెలుసు. ఆ మచ్చలు తప్ప మిగతావి నాలుగు రోజులుగా తెలుసు. వాటిని ఒకచోట పెట్టి చూడటానికి నాకు అంతసేపు పట్టింది. ఎప్పుడో చదువుకున్న రోజుల్లో మా మేడం చెప్పిన సంగతి ఒకటి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పట్టీ పట్టుకునేది కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో తయారయ్యే హార్మోనుని. అది ఉండాల్సినంత ఉంటే రెండో గీత వస్తుంది. మరీ విపరీతంగా ఉంటే రాదు. గుమ్మం దగ్గర పదిమంది ఉంటే ఒకరి వెనక ఒకరు లోపలికెళ్తారు, పదివేల మంది ఒక్కసారే తోసుకుంటే ఎవరూ వెళ్ళలేరు. పట్టీ కళ్ళు మూసుకుంటుంది. అందుకే కడుపు పోయాక రక్తం ఆగని మనిషైతే, ఒక చుక్కకి వంద చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ ముంచి చూడాలి. ఇది పరీక్షలో నేను రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు.

వార్డుకెళ్ళి దాని మూత్రం సంచీలోంచి కాస్త తెచ్చాను. అలాగే ముంచితే ఒకటే గీత. వంద వంతులు నీళ్ళు కలిపి ముంచాను. అరనిమిషం కూడా పట్టలేదు. రెండో గీత ముదురు ఎరుపులో వచ్చి కూర్చుంది.

నాకు ఏడుపు రాలేదు. ఆ బల్లని, దాని మీదున్న సీసాలన్నింటినీ ఒక్క తోపు తొయ్యాలనిపించింది. తొయ్యలేదు. అవన్నీ ఎవరెవరి అక్కచెల్లెళ్ళవో.

లాబ్ పెద్దాయన గదికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా మా లాబ్‌కి ఆయనే అధిపతి. ఇన్నేళ్ళలో ఒక్క రిపోర్టు కూడా వెనక్కి తీసుకోలేదన్నది ఆయన గొప్ప. ఎవరొచ్చినా ఆ మాట చెప్పి గానీ టీ ఇప్పించడు. జరిగింది చెప్పాను. పాత రిపోర్టు తప్పని రాసి వార్డుకి పంపించాలన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బయటికెళ్ళిన కాగితాన్ని మనం ముట్టుకోం కదమ్మా. ఇవాళ్టి తేదీతో కొత్తది ఇవ్వు. అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది. మధ్యలో మూడు వారాలు గడిచాయి కాబట్టి ఎవరూ అడగరు. నీకూ మచ్చ రాదు, మనకీ రాదు."

"అలా ఇస్తే కొత్తగా కడుపొచ్చిందనుకుంటారు సార్."

"అనుకోనీ. తరవాత వాళ్ళే తేల్చుకుంటారు."

"వాళ్ళు తేల్చుకునేదాకా అది బతికుండాలి కదా."

"అంతా నీ కంగారు. వెళ్ళి రాసివ్వు."

ఆయన్ని నేనిప్పుడు ఎంత తిట్టుకున్నా, ఆ మాట వినగానే నా గుండె కాస్త తేలికపడిందన్నది నిజం. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. కొత్త కాగితం తీసుకుని, కొత్త తేదీ వేసి, "ఉంది" అని రాసి, సంతకం పెట్టి వార్డుకి పట్టుకెళ్ళాను.

కుర్రడాక్టరు దాన్ని చదివి మొహం చిట్లించాడు. "ఏంటి మేడం ఇది? మొన్న లేదన్నారు. సాంపుల్ మారిపోయిందా?" నర్సుని పిలిచి, మళ్ళీ చూడమన్నాడు. ఆ అమ్మాయి నా ఎదురుగానే పట్టీ ముంచింది. మూడు నిమిషాలు. ఒకటే గీత.

"చూశారా?" అని నా కాగితం పక్కన పెట్టేశాడు. "లాబ్‌లో ఎక్కడో కలగాపులగమైంది. రేపు తీరిగ్గా చూద్దాం. ముందు ఆ మచ్చల సంగతి తేలనివ్వండి."

మంచం మీద అది మందుల మగతలో ఉంది, చుట్టూ ఏం జరుగుతోందో దానికి తెలియదు. మూతి ఒక పక్కకి లాగేసింది. మా మరిది పక్కనే స్టూలు మీద కూర్చుని, ఎవరేం మాట్లాడుతున్నారో తెలియక అందరి మొహాలూ చూస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి వచ్చెయ్యొచ్చు. కాగితం ఇచ్చాను, నా పని అయిపోయింది. రేపు తీరిగ్గా చూద్దామన్న వాడు రేపు చూస్తాడు.

"మొన్నటిది తప్పు," అన్నాను. "అది రాసింది నేను."

"అంటే?"

"ఇప్పుడు మీరు చేయించిందీ తప్పే. ఓ గ్లాసుడు నీళ్ళూ ఒక సిరంజీ తెప్పించండి."

గొంతు పెద్దదైనట్టుంది, పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సు నీళ్ళు తెచ్చింది. అందరి ముందూ ఒక చుక్క తీసి వంద కొలిచి కలిపాను. పట్టీ ముంచి డాక్టరు చేతికే ఇచ్చాను. అతను చూస్తూండగానే రెండో గీత వచ్చింది. మా మరిది వైపు తిరిగి చెయ్యి చాపాను. వాడికి అర్థం కాలేదు. నేనే వాడి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, మంచం పక్కనున్న బల్ల మీద పరిచి, నా సంతకం మీదుగా అడ్డంగా రాశాను: "ఈ ఫలితం తప్పు. నీళ్ళు కలిపి చూడాల్సింది, చూడలేదు. హార్మోను అప్పటికే విపరీతంగా ఉండి ఉంటుంది." కింద మళ్ళీ సంతకం పెట్టాను.

డాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఈ మాట నాలుగు రోజుల కిందటే చెప్పాల్సింది మీరు."

"మీరు నాలుగు రోజుల కిందటే అడగాల్సింది. కడుపెప్పుడు పోయింది, రక్తం ఆగిందా అని ఒక్కళ్ళు అడిగారా? నా కాగితం చూసి టిక్కు పెట్టారు. ముప్ఫై ఏళ్ళ మనిషికి తలలో నాళం ఊరికే చిట్లుతుందా? నాకు బుద్ధి లేదు, మీ అందరి బుద్ధీ ఏమైంది?"

తిలా పాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికిలి నాదేనని తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను.

ఆ మధ్యాహ్నమే రక్తం తీసి హార్మోను లెక్క చూశారు. మామూలు మనిషికి అయిదు లోపు ఉండాలి. దానికి పది లక్షలు దాటింది.

కేన్సరు డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, మెల్లగా మాట్లాడుతుంది. మా మరిదిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది మావిలోంచి, అంటే కాన్పయ్యాక పడే మాయలోంచి పుట్టే కేన్సరు బాబూ. చాలా అరుదు. కడుపులో బిడ్డకి రక్తం అందించాలంటే మావి తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోవాలి. అది దాని పని. ఇక్కడ బిడ్డ పోయింది గానీ ఆ కణాలు కొన్ని మిగిలిపోయి, చెడిపోయి, పని మాత్రం మానలేదు. చొచ్చుకుంటూ చొచ్చుకుంటూ ఊపిరితిత్తులకి పోయాయి, మెదడుకి పోయాయి. మెదట్లో నాళాన్ని తొలిచేస్తే అది చిట్లింది. మీకు కనపడింది పక్షవాతం. తెచ్చిపెట్టింది ఇది."

"బతుకుతుందా అమ్మా?"

"మందుకి బాగా లొంగే జాతి ఇది. తలదాకా వెళ్ళింది కాబట్టి కష్టపడాలి. ఇంకో వారం ఆగి ఉంటే మాత్రం నేనేమీ చెప్పగలిగేదాన్ని కాదు."

మూడు వారాల ముందైతే ఏమని చెప్పేదో నేను అడగలేదు. అడగక్కర్లేదు. మూడు వారాల ముందు దానికి రెండు చేతులూ ఉన్నాయి, గొంతూ ఉంది.

మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పది లక్షలు మూడు లక్షలైంది, మరో రెండు వారాలకి నలభై వేలైంది. జుట్టు రాలింది. కుడికాలు కొంచెం కదిలింది, కుడిచెయ్యి కదల్లేదు. మన మాటలు అన్నీ అర్థమవుతాయి దానికి, నవ్వాల్సిన చోట నవ్వుతుంది. తను మాట్లాడబోతే మాత్రం ఏమీ రాదు. ఈలోగా పెద్దాయన నాకు మెమో ఇచ్చాడు, జారీ అయిన రిపోర్టు మీద అనుమతి లేకుండా రాసినందుకు. నా సర్వీసులో మొదటి మెమో అది. తప్పు చేసినందుకు కాదు, చేశానని రాసినందుకు. ఆ మెమోని ఆయన బల్ల మీదే చింపి వచ్చాను.

అన్నింటికంటే నన్ను కాల్చుకుతిన్నది వేరే. వార్డులో నేను గొప్పదాన్నైపోయాను. కుర్రడాక్టరు తన వెంట వచ్చే విద్యార్థులకి దాని మంచం దగ్గరే చెప్పేవాడు: "ఈవిడ అక్కగారే కనిపెట్టారు. నీళ్ళు కలిపి చూడాలన్న ఆలోచన మనకెవరికీ రాలేదు." ఎంత మర్యాదగా సగం కథ చెప్పేవాడో. నర్సులు దాని చెవిలో, "మీ అక్కే మిమ్మల్ని బతికించింది" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా అది ఎడంచేత్తో నా చెయ్యి వెతికి పట్టుకునేది. ఆ కృతజ్ఞత చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. దాని మీద కాదు. నా మీద, వాళ్ళ మీద, ఆ సగం కథ మీద.

"తనకి చెప్పెయ్యాలి," అన్నాను మా మరిదితో, వరండాలో.

"ఇప్పుడొద్దు వదినా. ముందు ఒక్క మాట రానివ్వండి." వాడు నా మీద ఒక్కసారి కూడా అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు లేకపోతే ఏమైపోయేదో."

"నేను లేకపోతే ఇంకో లాబ్‌కి వెళ్ళేది. అక్కడ ఎవరైనా సరిగ్గా చూసేవాళ్ళు."

వాడి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ఆ కాగితం మూడు వారాలు వాడి గుండె మీదే ఉంది మరి.

మాటలు నేర్పే అమ్మాయి రోజూ పదకొండింటికి వచ్చేది. చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించేది. కప్పు. తాళంచెవి. గొడుగు. బస్సు బొమ్మ వచ్చినప్పుడు మా చెల్లెలి పెదాలు వణికేవి, మెడ నరాలు లేచేవి, ఏమీ వచ్చేది కాదు. ఎడంచెయ్యి పిడికిలి బిగించి పరుపు మీద గుద్దేది. ముప్ఫై ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. పెదాలు కలిపి "మ" అనమంటే కూడా ఉత్త గాలే.

ముప్ఫై తొమ్మిదో రోజున నేను పక్కనే ఉన్నాను. అట్టలు మారుస్తూ ఆ అమ్మాయి మాటవరసకి, "మీ అక్క అంటే మీకెంత ఇష్టమో కదా" అంది. అది నా చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. బోడి తల, ఒక పక్కకి లాగేసిన ఆ నవ్వు.

నాకిక వల్ల కాలేదు.

"నా మాట విను," అన్నాను. "నువ్వు సీసా పట్టుకుని వచ్చావు గుర్తుందా? అప్పటికే ఇది నీలో ఉంది. రక్తం ఆగలేదని నువ్వు చెప్పావు. సరిగ్గా చూడమని కూడా చెప్పావు. నేను నీళ్ళు కలిపి చూడాల్సింది. చూడలేదు. బద్ధకం, ఆకలి, పొగరు, ఏదనుకున్నా సరే. లేదని రాసిచ్చి పంపించేశాను. ఆ రోజే చూసుంటే నీ తలలో నెత్తురు పడేది కాదేమో. వీళ్ళంతా చెబుతున్నది తరవాతి సంగతి. ముందు జరిగింది ఇది."

మాటలు నేర్పే అమ్మాయి చేతిలో అట్టలు ఆగిపోయాయి. మా చెల్లెలు నన్నే చూస్తోంది. అర్థం కాలేదేమో అనుకున్నాను. దాని ఎడంచెయ్యి నా చేతిని వదిలేసింది. వేళ్ళు ఒకటీ రెండూ మూడూ అని పరుపు మీద మెల్లగా ముడుచుకున్నాయి, వారాలు లెక్కపెట్టుకుంటోంది. మూడో వేలు దగ్గర ఆగింది. కుడి కంట్లోంచీ ఎడమ కంట్లోంచీ కూడా నీళ్ళు కారాయి గానీ మొహంలో ఏడుపు లేదు. అంత కోపం దాని మొహంలో నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెదాలు దగ్గరికి వచ్చాయి. మెడ నరాలు లేచాయి.

"పో," అంది.

ఆ అమ్మాయి అట్టలన్నీ కింద పడేసింది. "మాట వచ్చింది. మాట వచ్చిందండీ. ఇంకోసారి అనండి."

"పో."

వరండాలోంచి మా మరిది పరుగెత్తుకొచ్చాడు. ఏమంది, ఏమంది అని అడుగుతున్నాడు. ఆ పిల్ల ఆనందం పట్టలేక, "పో అన్నారు సార్, ఎంత స్పష్టంగా అన్నారో" అని చెప్పింది. వాడు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

నేను లేచి తలుపు వైపు నడిచాను. వెనకాల ఆ అమ్మాయి ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉంది. అది అంటూనే ఉంది.